ఉప్పునీళ్ళలో ఐసుముక్క

"నెల రోజులు నోరు విప్పకూడదు" అని డాక్టరుగారు చెప్పగానే, "అయ్యో, అదెలాగండీ!" అనబోయింది ఉషశ్రీ. ఆయన వెంటనే వేలు ఎత్తి చూపించాడు.

"అదిగో, అదే వద్దంటున్నాను. గుసగుసలు కూడా పనికిరావు. గొంతుకి అవి ఇంకా చెరుపు."

పక్కన కూర్చున్న భర్త దుర్గాప్రసాద్ నవ్వు ఆపుకోవడానికి కిటికీలోంచి ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌ని మహా శ్రద్ధగా చూడసాగాడు.

ఉషశ్రీ కోచింగ్ కాలేజీలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతుంది. కిక్కిరిసిన క్లాసులో మైకు లేకుండా చివరి బెంచీదాకా వినిపించే గొంతు ఆమెది. ఆ సంగతి ఆమెకీ తెలుసు, దాని మీద కాస్త గర్వమూ ఉంది. ఈ ఏడు ఎంట్రన్సు రివిజన్లలో ఆ గొంతు మొదట బొంగురుపోయింది, తరవాత చీరుకుపోయింది, చివరికి ఒక పొద్దున న్యూటన్ రెండో సూత్రం మధ్యలో గాలి తప్ప మరేమీ బయటికి రాలేదు. స్వరపేటిక మీద చిన్న బొడిపెలు లేచాయన్నారు. మాట్లాడకుండా ఉంటే వాటంతటవే అణుగుతాయట. లేకపోతే కత్తి పెట్టాల్సిందే.

భవానీపురంలో వాళ్ళ ఫ్లాటుకి తిరిగొచ్చాక, ఆ మాట విని అత్తగారు మాణిక్యమ్మ బుగ్గన వేలేసుకుంది.

"నెల్రోజులా! నేనైతే సాయంత్రానికి చచ్చూరుకుందును" అంది. ఆమె అన్నదాంట్లో అతిశయోక్తేమీ లేదు. ఉయ్యూరు దగ్గర చెరుకుతోటల మధ్య పుట్టి పెరిగిన మాణిక్యమ్మ, తోట అవతలి గట్టుకి వినపడేలా మాట్లాడ్డం అప్పుడే అలవాటు చేసుకుంది. అపార్టుమెంటుకి వచ్చాక కూడా ఆ శ్రుతి తగ్గలేదు.

మర్నాడు సాయంత్రం కింద ఫ్లాటులోని పద్మశ్రీ వచ్చింది. బ్యాంకులో పని, ఇంట్లో ఒక్కడే కొడుకు.

"ఆంటీ, ఉషగారు సెలవులో ఉన్నారటగా. మా సాయిగణేష్ ఐదోక్లాసుకి వస్తున్నాడు. సైన్సు పుస్తకం తీస్తే చాలు, వాడికి నిద్ర తన్నుకొస్తుంది. ఈ ఎండల్లో బయట తిరక్కుండా ఓ గంటసేపు కూర్చోబెట్టి చెప్పారంటే మీ పేరు చెప్పుకుంటాం."

"దానికేం భాగ్యమమ్మా, పంపించు! ఇంకెవరన్నా ఉంటే వాళ్ళనీ పంపించు" అంది మాణిక్యమ్మ.

లోపలి గదిలోంచి ఉషశ్రీ పరుగెత్తుకొచ్చి గొంతు చూపించి చేతులు అడ్డంగా ఊపింది. అప్పటికే పద్మశ్రీ లిఫ్టు ఎక్కేసింది.

"ఏంటమ్మా అంత కంగారు? నేను లేనూ? నువ్వు సైగ చెయ్యి, నేను చెప్తా" అని భరోసా ఇచ్చింది అత్తగారు.

మర్నాడు పొద్దున్నే అరడజను మంది పిల్లలు హాల్లో బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ముందు వరసలో సాయిగణేష్. అందరికంటే వెనక, చెప్పుల స్టాండుకి ఆనుకుని, ఒక బక్కపల్చని పిల్ల. మూడో అంతస్తులోకి కొత్తగా వచ్చినవాళ్ళ అమ్మాయి, పేరు శివపార్వతి. వాళ్ళ నాన్న రాంబాబుది చేపల వ్యాపారం. బందరు అవతల సముద్రం ఒడ్డునున్న పాలెం నుంచి ఈమధ్యే కాపురం ఇక్కడికి మార్చాడు.

ఉషశ్రీ తనకి తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టింది. వైట్‌బోర్డు తెప్పించి గోడకి ఆనించి, దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో 'గాలి స్థలాన్ని ఆక్రమిస్తుంది' అని రాసి, కింద గీత గీసింది. పిల్లలు బుద్ధిగా నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నారు. సాయిగణేష్ ఆక్రమిస్తుంది అన్న చోట ఒత్తు ఎగరగొట్టి, నోరంతా తెరిచి ఆవులించాడు. ఆ ఆవులింత వరసలో ఒకరి నుంచి ఒకరికి పాకి, చివరికి మాణిక్యమ్మనీ అందుకుంది.

తన క్లాసులో అయితే ఈపాటికి ఒక జోకు వేసి, గొంతు పెంచి, అందరినీ నిటారుగా కూర్చోబెట్టేది. ఇప్పుడు చేతిలో మార్కరు తప్ప ఏమీ లేదు. బోర్డు తుడిచేసి వంటింట్లోకి వెళ్ళింది. బక్కెట్టు నిండా నీళ్ళు, ఒక గాజుగ్లాసు, పాత పేపరు పట్టుకొచ్చి హాలు మధ్యలో పెట్టింది. పేపరు ఉండచుట్టి గ్లాసు అడుగున గట్టిగా కుక్కింది. గ్లాసు బోర్లించి, బక్కెట్టు పైన పట్టుకుని, పిల్లల వంక చూసి కళ్ళెగరేసింది. దీన్ని ఇలాగే ముంచితే ఏమవుతుంది అని ఆమె భావం.

"గ్లాసు కడుక్కోమంటోంది మేడమ్‌గారు" అంది మాణిక్యమ్మ.

ఉషశ్రీ తల అడ్డంగా ఊపి, పేపరు చూపించి, నీళ్ళు చూపించి, అరచేతులు రెండూ పైకి తిప్పింది.

"ఓ! పేపరు తడుస్తుందా, తడవదా అంటోంది."

"తడిసి ముద్దయిపోద్ది" అన్నాడు సాయిగణేష్ తడుముకోకుండా. మిగతావాళ్ళూ తలలూపారు.

గ్లాసు నిట్టనిలువుగా అడుగుదాకా ముంచి, అలాగే పైకి తీసి, పేపరుండ లాగి వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని నలిపాడు, వాసన చూశాడు, బుగ్గకి ఆనించుకున్నాడు.

"పొడిగా ఉందే! మేడమ్, ఇది మేజిక్కు. నేను చేస్తే తడుస్తది చూడండి."

గ్లాసు వాడికిచ్చేసింది. ఇక ఆ పూట ఎవరికీ ఆవులింత రాలేదు. ఒకరి చేతిలోది ఒకరు లాక్కుని ముంచారు. ఒకడు గ్లాసుని పక్కకి ఒంచితే బుడగ్గా గాలి బయటికి తన్నుకొచ్చి, వాడి పేపరు నానిపోయింది. "గాలి బయటికి పోయింది, అందుకే నీళ్ళు లోపలికొచ్చాయి" అని వాడికి వాడే చెప్పుకున్నాడు. బోర్డు మీద తను రాసి తుడిచేసిన వాక్యాన్నే ఈ పిల్లవాడు ఇంత సులువుగా అనేశాడే అని ఉషశ్రీకి ఆశ్చర్యం వేసింది.

అందరూ అయ్యాక శివపార్వతి వంతు వచ్చింది. ఆ పిల్ల పేపరు జోలికి పోలేదు. వంటింట్లోంచి ఇంకో గ్లాసు తెచ్చుకుంది. ఒక గ్లాసు గాలితో ముంచింది. ఇంకో గ్లాసుని నీళ్ళలోనే నింపి, దాని పక్కన కొంచెం పైన బోర్లించి పట్టుకుంది. మొదటి గ్లాసుని మెల్లగా ఒంచేసరికి దాని గాలి బుడగలు బుడగలుగా రెండోదాంట్లోకి ఎక్కింది. నీళ్ళ అడుగున, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి, గాలిని కిందినుంచి పైకి పోసేసిందన్నమాట. పోసి తలెత్తి ఉషశ్రీ మొహంలోకి చూసింది, ఒక్క మాటా అనలేదు. ఉషశ్రీ కూడా అనలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ మధ్యాహ్నం పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లి రావమ్మ గుమ్మంలోనే నిలబడిపోయి మాట్లాడింది.

"ఏవనుకోబాకండమ్మా, ఎవరితోనూ మాట్లాడదు. ఈ ఊరొచ్చి బళ్ళో చేరిన కాడ్నించీ ఇంతే. పాఠం చదవమంటే చదివిందంట, దాని యాసకి పిల్లలందరూ నవ్వారంట. ఇక ఆ రోజు నుంచీ నోరు మూసుకుంది. ఇంటికాడ మాత్రం నాతో, వాళ్ళ నాన్నతో రెండు ముక్కలు."

"ఇదీ మాట్లాడదు, మా కోడలూ మాట్లాడదు. ఇద్దరికీ బాగా కుదిరింది. నేనున్నాగా, ముగ్గురి మాటలూ నేనే మాట్లాడతా" అంది మాణిక్యమ్మ. దాంతో రావమ్మ కూడా నవ్వేసింది.

రోజులు గడిచేకొద్దీ వంటింట్లో ఒక్కో సరుకూ హాల్లోకి నడిచొచ్చింది. నిమ్మకాయలు, వంటసోడా, బెలూన్లు, జల్లెడ, గరిటెలు, అట్లకాడ. పోపులపెట్టె మాత్రం మాణిక్యమ్మ ఒడిలో పెట్టుకుని కూర్చునేది. అడిగితే అందులోంచి చిటికెడు చిటికెడు విదిల్చేది.

పసుపు కథ అలా మొదలైందే. పసుపు కలిపిన నీళ్ళలో తెల్లగుడ్డ ముంచి ఆరబెట్టి, ముక్కలు చేసి పిల్లలకి పంచింది ఉషశ్రీ. ఇంటికెళ్ళి ఏం తాకిస్తే ఏ రంగు వస్తుందో చూసి రమ్మని సైగ. మాణిక్యమ్మ దాన్ని ఈసారి తప్పు లేకుండానే అనువదించింది. కానీ సాయిగణేష్‌కి ఒక గుడ్డముక్క ఏ మూలకి? తన పుట్టినరోజు చొక్కాకి పసుపునీళ్ళు పట్టించి, దాని మీద బట్టలసబ్బు రుద్దేశాడు.

అర్ధగంటలో పద్మశ్రీ చొక్కా పట్టుకుని పైకి వచ్చింది. ఛాతీ మీద రక్తం ఓడినట్టు ఎర్రటి మరకలు.

"ఏంటి ఆంటీ ఇదంతా? నేను పంపించింది చదువు చెప్పమని. రోజూ బక్కెట్లూ, బుడగలూ, ఇప్పుడీ చొక్కా! వీడు ఏం నేర్చుకుంటున్నట్టు?"

ఉషశ్రీకి క్షమాపణ చెప్పడానికి గొంతు లేదు. సంజాయిషీ ఇవ్వడానికీ లేదు. చేతులు జోడించబోతుంటే, తల్లి వెనకాల నక్కిన సాయిగణేష్ గబుక్కున ముందుకొచ్చాడు.

"మమ్మీ, ఒక్క నిమిషం. మామ్మగారూ, నిమ్మచెక్క ఇవ్వండి."

మాణిక్యమ్మ అందించిన నిమ్మచెక్కని వాడు మరక మీద పిండాడు. పద్మశ్రీ చూస్తుండగానే ఎరుపంతా కరిగిపోయి పసుపుపచ్చ తిరిగొచ్చింది.

"సబ్బు తగిలితే ఎర్రన, నిమ్మరసం తగిలితే పచ్చన. సోడా వేసినా ఎర్రనే. చింతపండు రసం, పెరుగు వేస్తే మాత్రం పచ్చగానే ఉంటది. పేస్టుకి కొంచెం ఎర్రబడింది. అన్నీ చూశా" అని గుక్కతిప్పుకోకుండా చెప్పాడు.

"మనం పారాణి పెట్టుకునేది ఇందుకేగా! పసుపులో సున్నం కలిపితే ఎర్రగా అయ్యేది" అని మాణిక్యమ్మ తనకి తానే హాశ్చర్యపోయింది.

పద్మశ్రీ కొడుకు వంక చూసింది. వాడు అన్ని ముక్కలు కలిపి, ఎవరూ అడక్కుండా చదువు సంగతి మాట్లాడ్డం ఆమె ఎన్నడూ వినలేదు. "మరి ఈ పసుపు ఎలా పోతుందిరా?" అంది, గొంతు తగ్గించి. ఉషశ్రీ వేలెత్తి బాల్కనీ చూపించింది. చొక్కా ఉతికి ఎండలో వేశారు. మే నెల బెజవాడ ఎండ. సాయంత్రానికి మరక వెలిసి, వెతికితే తప్ప కనపడకుండా పోయింది.

ఆ వారంలోనే అసలు సంగతి జరిగింది. ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా పిల్లలు ఐసుట్రే కోసం ఎగబడుతుండేవారు. ఒక పొద్దున శివపార్వతి ఐసుముక్క ఒకటి అరచేతిలో పెట్టుకుని, అది కరిగి మోచేతిదాకా కారుతుంటే చూస్తూ కూర్చుంది. కూర్చుని కూర్చుని, ఉన్నట్టుండి అడిగింది.

"ఈ ఐసు సముద్రపు నీళ్ళల్లో ఏస్తే బేగి కరుగుద్దా, మంచినీళ్ళల్లో ఏస్తే బేగి కరుగుద్దా?"

ఆ పిల్ల గొంతు ఎవరికీ పరిచయం లేదు. అందరూ తల తిప్పి చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి తీరిక కూడా లేదు, ఎందుకంటే సాయిగణేష్ వెంటనే అందుకున్నాడు.

"ఉప్పునీళ్ళలోనే! ఐసు మీద ఉప్పు చల్లితే కరిగిపోద్ది, నేను చూశా."

పిల్లలంతా ఉషశ్రీ మొహం చూశారు. ఆమె ఆలోచించనైనా లేదు. ఐసు మీద ఉప్పు ఏం చేస్తుందో, అది ఎందుకు అలా చేస్తుందో ఎన్నిసార్లు బోర్డు మీద చెప్పింది! ఉప్పు డబ్బా చూపించి బొటనవేలు ఎత్తింది.

"ఉప్పునీళ్ళే అంది మేడమ్‌గారు. ఇక తిరుగు లేదు" అని ప్రకటించింది మాణిక్యమ్మ.

సరే, చూద్దామన్నారు. రెండు గాజుగ్లాసుల్లో సమానంగా కుళాయినీళ్ళు పోశారు. ఒకదాంట్లో గుప్పెడు ఉప్పు వేసి కరిగేదాకా తిప్పారు. ఒకే ట్రేలోంచి ఒకేలాంటి ముక్కలు రెండు తీసి ఒకేసారి జారవిడిచారు. పిల్లలు బోర్లా పడుకుని, గడ్డాలు నేలకి ఆనించి చూస్తున్నారు.

మంచినీళ్ళలో ముక్క చూస్తుండగానే చిక్కిపోయింది. గోరంతయింది, ఆవగింజంతయింది, మాయమైంది. ఉప్పునీళ్ళలోది మాత్రం దర్జాగా తేలుతూనే ఉంది.

గ్లాసులు మారిపోయాయేమో అనుకుంది ఉషశ్రీ. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని చూసింది. మారలేదు. ముక్కలు చిన్నా పెద్దా అయ్యుంటాయి, ఒకటి కిటికీ పక్కన ఉంది. మళ్ళీ చేయమని సైగ చేసింది. గ్లాసులు పక్కపక్కన నీడలో పెట్టి మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే.

"అయితే మేడమ్ తప్పు!" అన్నాడు సాయిగణేష్.

"ఏరా!" అని గదిమింది మాణిక్యమ్మ. "ఇంజనీరింగు ఎంట్రన్సు పిల్లలకి పాఠాలు చెప్పే మనిషిని పట్టుకుని తప్పంటావా? ఐసే తప్పు చేసుంటది."

ఉషశ్రీ మోకాళ్ళ మీద కూర్చుని ఆ గ్లాసు వంకే చూస్తోంది. గొంతు ఉండుంటే ఏం చేసేదో ఆమెకి తెలుసు. 'అంటే, ఇక్కడ పరిస్థితులు వేరమ్మా' అని మొదలుపెట్టి, నాలుగు పెద్దమాటలు కలిపి, తనకి తెలియని దాన్ని తెలిసినదానికింద సర్దేసేది. పిల్లలు నమ్మేవాళ్ళు కూడా. ఇప్పుడా దారి లేదు. తనలో తనకే నవ్వొచ్చింది. భుజాలు అదిరేలా, శబ్దం లేకుండా నవ్వి, రెండు చేతులూ చాచి, అవును, నాకు తెలియదు అన్నట్టు తల ఊపింది. మేడమ్‌కి తెలియదని తెలిసేసరికి పిల్లల కళ్ళు మిలమిల్లాడాయి. అందరూ ఇంకా దగ్గరికి జరిగారు.

శివపార్వతి ఉప్పునీళ్ళ గ్లాసు చుట్టూ చేతులు వేసి, పైనుంచి కిందికి జరిపింది. మళ్ళీ కిందనుంచి పైకి. రెండో గ్లాసూ అలాగే తడిమింది.

"మేడమ్, ఇది పైనే సల్లగా ఉంది. కింద మామూలుగానే ఉంది. అదేమో అంతా సల్లగా ఉంది."

ఉషశ్రీ తనూ తడిమింది. నిజమే. చూస్తే బయట పట్టిన చెమట కూడా అలాగే ఉంది. ఉప్పునీళ్ళ గ్లాసుకి మెడ దగ్గర మాత్రమే తడి పట్టీ. మంచినీళ్ళ గ్లాసుకి నిలువెల్లా నీటిబొట్లు. ఆ క్షణంలో ఆమె మెదడులో ఏదో టక్కున కుదిరింది. అరిచి చెప్పాలని ఊపిరి తీసుకుంది కూడా. అత్తగారు గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మోయ్! డాక్టరేం చెప్పాడు?"

ఉషశ్రీ లేచి ఫ్రిజ్ తెరిచి, అడుగు సొరుగులోంచి ఒక బీట్‌రూటు తీసి గాల్లోకి ఎత్తి చూపించింది.

"ఇవాళ బీట్‌రూటు వేపుడంటోంది" అంది మాణిక్యమ్మ.

మర్నాడు పొద్దున తెలిసింది వేపుడు కాదని. బీట్‌రూటు రసం కలిపి గడ్డ కట్టించిన ఐసు, కెంపుల్లా మెరుస్తూ ట్రేలో ఉంది. ఆ రోజు ఆదివారం. దుర్గాప్రసాద్‌కి గన్నవరం ఎయిర్‌పోర్టులో డ్యూటీ లేదు, పేపరు పక్కన పడేసి వచ్చాడు. పద్మశ్రీ కొడుకుని దింపి వెళ్ళబోయి గుమ్మంలో ఆగిపోయింది. రాంబాబు, రావమ్మ కూడా వచ్చారు. కూతురు పొద్దున్నే ఇద్దరినీ చెయ్యి పట్టి లాక్కొచ్చిందట.

మంచినీళ్ళ గ్లాసులో ఎర్రముక్క పడీపడగానే దాని కిందినుంచి సన్నటి ఎర్రదారాలు దిగసాగాయి. మెలికలు తిరుగుతూ అడుగు తాకి, పరుచుకుని, గ్లాసంతా గులాబీరంగు చేసేశాయి. ఉప్పునీళ్ళలో ఒక్క దారమూ దిగలేదు. కరిగిన రంగంతా ముక్క చుట్టూ పైపైనే చేరి, తెట్టులా నిలిచింది. పైన ఎరుపు, కింద తేటనీళ్ళు. మధ్యలో ఎవరో దారం పెట్టి కోసినట్టు గీత.

శివపార్వతి గ్లాసు దగ్గరికి వంగి, ఆ గీత వెంబడి వేలు జరిపింది.

"కరిగిన నీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేల్తన్నాయి" అంది శివపార్వతి. ముందు మెల్లగా, తరవాత ఇక ఆగలేదు. "ఉప్పునీళ్ళు బరువు గదా, అందుకని ఇయ్యి కిందికి దిగలేకపోతన్నాయి. ఐసు దాని సల్లనీళ్ళల్లో అదే కూకుంది. దుప్పటి కప్పుకున్నట్టు! వేడి నీళ్ళు దాని కాడికి రాలేకపోతన్నాయి. ఈ గ్లాసులో అయితే సల్లనీళ్ళు కిందికి పోతన్నాయి, వేడియి పైకొస్తన్నాయి, అయ్యొచ్చి కరిగిచ్చేత్తన్నాయి!"

"అరె, అవును!" అన్నాడు సాయిగణేష్. "మళ్ళీ చెప్పు, దుప్పటి సంగతి మళ్ళీ చెప్పు."

ఆ పిల్ల మళ్ళీ చెప్పింది. ఈసారి చేతులు తిప్పుతూ, నీళ్ళు ఎలా దిగుతున్నాయో నడుం వంచి చూపిస్తూ చెప్పింది. రావమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. రాంబాబు మాత్రం కూతురి వంక, గ్లాసు వంక మార్చిమార్చి చూసి, "ఇన్నేళ్ళు ఐసు మోశాను, దీన్ని ఇట్టా కూకోని చూసింది లేదండీ" అన్నాడు దుర్గాప్రసాద్‌తో. "నేను రోజూ ఈవిడ పక్కనే ఉండి చూడలేదు లెండి" అన్నాడు దుర్గాప్రసాద్.

గుమ్మంలో ఉన్న పద్మశ్రీ ఎప్పుడు చెప్పులు విడిచి లోపలికొచ్చిందో ఎవరూ గమనించలేదు. నేల మీద కూర్చుని, "ఇంకో ముక్క ఉందా ఉషగారూ? నేనొకటి వేస్తా" అంది.

నెల నిండాక డాక్టరుగారు గొంతులోకి గొట్టం పెట్టి చూసి, బొడిపెలు అణిగాయని, పూటకి కొంచెం కొంచెం మాట్లాడవచ్చని చెప్పాడు. ఇంటికి వచ్చేసరికి పిల్లలందరూ హాల్లో సిద్ధంగా ఉన్నారు. మేడమ్ గొంతు ఎలా ఉంటుందో వాళ్ళలో సగం మందికి తెలియదు. మాణిక్యమ్మ కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుని కూర్చుంది. ఉద్యోగం ఊడినట్టుంది ఆమె వాలకం.

"శివపార్వతీ" అని పిలిచింది ఉషశ్రీ.

గొంతు ఇంకా గరగరలాడుతోంది. ఆ పిల్ల ఉలిక్కిపడి, తరవాత చెవులదాకా నవ్వి, "ఏంటి మేడమ్?" అంది.

"ఏం లేదు. ఇన్నాళ్ళూ పిలవలేదు కదా, పిలిచి చూశాను."

సాయిగణేష్‌కి ఆ మర్యాదలన్నీ అయ్యేదాకా ఓపిక లేదు. "మేడమ్, ఇప్పుడు మాట్లాడచ్చుగా. ఉడికిన గుడ్డు ఏదో పచ్చిగుడ్డు ఏదో పగలగొట్టకుండా ఎలా తెలుస్తుంది? చెప్పండి."

జవాబు ఆమె నాలిక చివరదాకా వచ్చింది. దాని వెనకే, వరస తప్పకుండా, జడత్వం, భ్రమణం, రెండు సమీకరణాలు. పిల్లల మొహాల వంక చూసింది. అందరూ నోళ్ళు తెరుచుకుని, ఆమె పెదవుల వంకే చూస్తున్నారు. చేతులు ఒళ్ళో ముడుచుకుని ఉన్నాయి. కాలేజీలో తన క్లాసు కూడా ఎప్పుడూ ఇలాగే కూర్చునేది. అదొక మంచి క్లాసుకి గుర్తు అనుకునేది తను.

ఆమె నోరు మూసుకుంది. అత్తగారి వైపు తిరిగి, రెండు చేతులూ కోడిగుడ్ల ఆకారంలో గుండ్రంగా పట్టి, గిరగిరా తిప్పి చూపించింది.

మాణిక్యమ్మ మొహం విప్పారింది. కుర్చీ మళ్ళీ ముందుకి లాక్కుంది.

"గుడ్లు తెమ్మంటోంది మేడమ్‌గారు! నేల మీద పెట్టి తిప్పాలంట. ఒరేయ్, మెల్లగా! ఉడికినవి గిన్నెలో ఉన్నాయి, పచ్చివి ఫ్రిజ్‌లో ఉన్నాయి. రెండూ కలిపేసి పట్రండి, ఏదేదో తెలియకూడదు. పగలగొట్టారంటే మాత్రం మీ చేతే తుడిపిస్తా."

నలుగురు వంటింట్లోకి పరుగెత్తారు. శివపార్వతి అందరికంటే ముందుంది.